రాయి దగ్గర నిలబడి రాయడం: గువ్వలచెరువు కొండల్లో జియాలజీ ఫీల్డ్‌వర్క్ నేర్చుకునే పద్ధతి

బీఎస్సీ, ఎమ్మెస్సీల్లో జియాలజీ చదివే పిల్లల్లో చాలామందికి పుస్తకంలోని నిర్వచనాలు కంఠతా వచ్చు. స్ట్రైక్ (వాలిన పొర మీద లెవెల్‌గా పోయే గీత దిశ) అంటే ఏమిటి, డిప్ (పొర వాలు) అంటే ఏమిటి అని అడిగితే తడుముకోకుండా చెప్తారు. అదే పిల్లల్ని ఒక బండ ముందు నిలబెట్టి "ఇక్కడ ఏం కనిపిస్తోందో రాయండి" అంటే పెన్ను కదలదు. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఏడాదికో ఫీల్డ్ ట్రిప్పు, బస్సు నిండా జనం. ముందు వరుసలో ఉన్నవాళ్ళకే సార్ మాటలు వినపడతాయి. మిగతావాళ్ళు సాయంత్రం ఆ నోట్సు చూసి ఎక్కించుకుంటారు. రాయిని సొంతంగా పరిశీలించే అవకాశం వాళ్ళకు రానేలేదు.

ఈ లోటు పూడ్చుకోవడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి, ఒక చిన్న ప్రాంతాన్ని ఎంచుకుని, రెండు మూడు రోజులు ఓపిగ్గా తిరిగితే చాలు. అయితే మొదటి రోజు నుంచే ఒక నియమం పెట్టుకోవాలి. మిమ్మల్ని ఎప్పుడూ చూడని మనిషి పదేళ్ళ తర్వాత మీ నోట్‌బుక్ పట్టుకుని అదే రాయి దగ్గరికి వెళ్ళగలగాలి. మీరు రాసింది నిజమో కాదో అక్కడే సరిచూసుకోగలగాలి. కింద చెప్పే ప్రతి పద్ధతీ ఇందుకోసమే.

ఎక్కడ నేర్చుకోవాలి

నా సలహా కడప ప్రాంతం. కడప నుంచి రాయచోటి వెళ్ళే దారిలో గువ్వలచెరువు ఉంది, పాలకోవాకు పేరున్న ఊరు. కడప బేసిన్‌లో (పూర్వం ఇసుక, మట్టి పొరలుగా పేరుకున్న పల్లపు ప్రాంతం) అన్నిటికంటే అడుగున ఉన్న పొరను జియాలజీలో 'గుల్చేరు క్వార్ట్‌జైట్' అంటారు. క్వార్ట్‌జైట్ అంటే ఇసుక గింజలు బాగా అతుక్కుపోయి గట్టిపడ్డ రాయి. ఆ పేరు ఈ ఊరిదే. దాని పైన వచ్చే డోలమైట్ (సున్నపురాయిని పోలిన రాయి) పొరలకు వేంపల్లె పేరు పెట్టారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన విలియం కింగ్ 1872లో వెలువరించిన నివేదికలో ఈ ఊళ్ళ పేర్లు రాళ్ళకు స్థిరపడ్డాయి. ఆయన తర్వాత వర్గీకరణలు మారాయి, వయసుల లెక్కలు మారాయి. గుల్చేరు, వేంపల్లె పేర్లు మాత్రం ఇప్పటికీ మ్యాపుల మీద ఉన్నాయి. ఏ ఊరి దగ్గర ఏ రాయి, దాని కింద ఏది, పైన ఏది అన్నది ఆయన స్పష్టంగా నమోదు చేసిపెట్టాడు. అందుకే తర్వాతివాళ్ళు అదే చోటికి వెళ్ళి చూసుకోగలిగారు.

నెలవంక ఆకారంలో సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న బేసిన్ ఇది. తూర్పున నల్లమల వైపు పొరలు బాగా ముడతలు పడి, విరిగి, కొత్తవాళ్ళను తికమక పెడతాయి. పడమటి, నైరుతి అంచుల్లో మాత్రం పొరలు మెల్లగా వాలి ఉంటాయి. పాత గ్రానైట్, దాని మీద క్వార్ట్‌జైట్, ఆ పైన డోలమైట్ – పూర్తిగా వేరువేరు స్వభావాలున్న మూడు రాళ్ళు ఒకే చుట్టుపక్కల దొరుకుతాయి. నేర్చుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి చోటు మన రాష్ట్రాల్లో అరుదు.

కడప దూరమైతే మీ దగ్గర ఉన్న రాయితోనే మొదలుపెట్టండి. హైదరాబాద్ వాళ్ళకు గ్రానైట్ గుట్టలు, వాటిని కోసుకుంటూ వెళ్ళే డోలరైట్ డైకులు (పగుళ్ళలోకి చొచ్చుకొచ్చి గట్టిపడ్డ నల్లరాతి గోడలు) ఉన్నాయి. తాండూరు వాళ్ళకు నాపరాయి క్వారీలు, విశాఖ వాళ్ళకు ఖోండలైట్ కొండలు ఉన్నాయి. పద్ధతి అంతటా ఒకటే.

మొదటి అడుగు: బయల్దేరకముందే చేయాల్సింది

సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీటు (కొండలు, వాగులు, రోడ్లు, ఎత్తులు చూపే మ్యాపు) సంపాదించండి. వాళ్ళ వెబ్‌సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పాత నంబరింగ్ ప్రకారం కడప ప్రాంతం 57 జె లో వస్తుంది. మ్యాపు మీద 2 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపేవి) సాధారణంగా 20 మీటర్లకొకటి. జియలాజికల్ సర్వే వారి భూకోశ్ పోర్టల్‌లో అదే ప్రాంతపు జియాలజీ మ్యాపు చూడండి. తర్వాత శాటిలైట్ చిత్రం తెరిచి, ఒకే దిశలో సాగే గట్లు, వాటిని కోసే వాగులు, రోడ్డు కోతలు, క్వారీలు గుర్తుపెట్టుకోండి. రాయి బయటపడి కనిపించేది అక్కడే.

ఒక విషయం జాగ్రత్త. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు లెక్కించే ఆధారం) మీద తయారైనవి. ఫోన్‌లోని జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 వాడుతుంది. రెంటినీ కలిపేస్తే చోటు వంద మీటర్ల స్థాయిలో జరిగిపోవచ్చు. మీ మ్యాపు ఏ డేటమ్‌దో అంచున రాసి ఉంటుంది. అది చూసి నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాసుకోండి.

అనుమతుల విషయం తేలిగ్గా తీసుకోకండి. పాలకొండలు, శేషాచలం వైపు చాలా భాగం రిజర్వు ఫారెస్టు, పైగా ఎర్రచందనం పెరిగే అడవులు. సుత్తి, బ్యాగు పట్టుకుని కొత్త ముఖాలు అడవిలో తిరుగుతుంటే ఫారెస్టు సిబ్బంది ఆపి అడగడం సహజం. కాలేజీ నుంచి లెటరు, గుర్తింపు కార్డులు తీసుకుని ముందుగా డీఎఫ్‌ఓ (అటవీ శాఖ అధికారి) ఆఫీసులో అనుమతి తెచ్చుకోండి. అది లేకపోతే రోడ్డు పక్క కోతలకు, అడవి బయటి గుట్టలకు, పొలాల బావులకు పరిమితమవండి. నేర్చుకోవడానికి అవీ చాలు.

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. అక్టోబర్, నవంబర్‌లలో ఇక్కడ వానలు, వాగులు పొంగుతాయి. మార్చి దాటితే బండల మీద చెయ్యి పెట్టలేం.

రెండో అడుగు: బ్యాగులో ఏముండాలి

జియాలజీ సుత్తి, కళ్ళకు రక్షణ అద్దాలు, పది రెట్లు పెద్దగా చూపే లెన్సు, క్లైనోమీటర్ (వాలు కోణం కొలిచేది) ఉన్న కంపాస్, డ్రాపర్ సీసాలో 10 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్, చిన్న చాకు, టేపు, పర్మనెంట్ మార్కర్, శాంపిల్ సంచులు, పాత పేపర్లు. గట్టి అట్ట ఉన్న నోట్‌బుక్, పెన్సిల్ తప్పనిసరి. జెల్ పెన్నులు తేకండి, చెమట చుక్క పడితే రోజంతా రాసిన పేజీ పోతుంది.

డబ్బు తక్కువగా ఉంటే ముందు లెన్సు కొనండి. కంపాస్ కాలేజీ ల్యాబు నుంచి తెచ్చుకోవచ్చు. లెన్సు మాత్రం మీ మెడలో ఎప్పుడూ ఉండాలి. దాన్ని కంటికి ఆనించి పెట్టుకుని, రాయినే దగ్గరికి తెచ్చుకోవాలి. చాలామంది లెన్సును రాయి మీద పెట్టి దూరం నుంచి తొంగి చూస్తారు, అలా ఏమీ కనపడదు.

యాసిడ్ సొంతంగా కలపాల్సి వస్తే ల్యాబులోనే, నీళ్ళలోకి యాసిడ్ పోస్తూ కలపాలి. యాసిడ్‌లోకి నీళ్ళు పోయకూడదు.

నీళ్ళు మనిషికి కనీసం మూడు లీటర్లు. బూట్లు చీలమండ దాకా వచ్చేవి. రాయి తిప్పేటప్పుడు అవతలి అంచు పట్టుకుని మీ వైపుకు లేపండి. తేలో పామో ఉంటే అటు పోతుంది. కొండ అంచు మీద తేనెపట్టు కనిపిస్తే ఆ కింద సుత్తి చప్పుడు చేయొద్దు. ఘాట్ రోడ్డులో లారీలు ఎక్కువ. మలుపుల దగ్గర రోడ్డుకు వీపు పెట్టి నిలబడకండి, ఒకరు రాళ్ళు చూస్తుంటే ఒకరు రోడ్డు చూడాలి.

మూడో అడుగు: ముట్టుకోకముందు దూరం నుంచి

బండ దగ్గరికి పోగానే సుత్తి తీయడం కొత్తవాళ్ళ అలవాటు. ముందు ముప్పై నలభై అడుగుల దూరంలో ఆగండి. ఎన్ని రకాల రాళ్ళు కనిపిస్తున్నాయి? పొరలు ఎటు వాలుతున్నాయి? అడ్డంగా కోసే పగుళ్ళు ఉన్నాయా? ఒక పొర కనిపిస్తూ కనిపిస్తూ మాయమైన చోటు ఏదైనా ఉందా? అయిదు నిమిషాలు చూసి ఒక చిన్న బొమ్మ గీయండి.

తర్వాత అసలు ప్రశ్న. ఈ రాయి ఇక్కడిదేనా, పైనుంచి దొర్లి వచ్చిందా? గువ్వలచెరువు వైపు ఇది చాలా ముఖ్యం. గట్టు పైన క్వార్ట్‌జైట్ నిటారుగా నిలబడి ఉంటుంది. అందులోంచి ఊడిన పెద్ద పెద్ద దిమ్మలు కింది గ్రానైట్ వాలు మీద పరుచుకుని ఉంటాయి. దిమ్మ ఎంత పెద్దదైనా నేలలో పాతుకుని లేకపోతే అది మ్యాపులోకి ఎక్కకూడదు. పక్క రాళ్ళ వాలుతో దీని వాలు సరిపోతోందా, కింద మట్టి ఉందా అని చూడండి. అనుమానంగా ఉంటే నోట్‌బుక్‌లో 'దొర్లిన రాయి కావచ్చు' అని రాయండి.

ఊరివాళ్ళను అడగడం కూడా ఫీల్డ్‌వర్కే. గొర్రెలు మేపేవాళ్ళకు ఏ వంకలో ఏ రంగు రాయి ఉందో బాగా తెలుసు. "అన్నా, ఈ పక్క బావి యాడ తవ్వినారు? ఎన్ని అడుగులకు బండ తగిలింది?" అని అడగండి. మట్టి కప్పేసిన చోట బావి గట్టున పోసిన రాళ్ళే ఆధారం. వాళ్ళు చెప్పింది వాళ్ళు చెప్పినట్టుగా, మీరు చూసింది వేరుగా రాసుకోండి.

నాలుగో అడుగు: నోట్‌బుక్ పేజీ

ఫీల్డ్‌వర్క్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే, అందుకని కాస్త వివరంగా చెప్తాను.

ఆగి పరిశీలించిన ప్రతి చోటుకూ ఒక నంబరు. నంబర్లు ట్రిప్పు మొత్తం ఒకే వరుసలో సాగాలి. రోజూ మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడితే ఆర్నెల్ల తర్వాత మీకే అర్థం కాదు. పేజీ పైన తేదీ, పక్కన ఎవరెవరున్నారు, వాతావరణం. ఆ తర్వాత చోటు. జీపీఎస్ అంకెలు ఒక్కటే రాసి వదిలేయకండి. ఏటవాలు కొండ కింద ఫోన్ జీపీఎస్ బాగా తప్పుతుంది. మాటల్లో కూడా రాయండి.

ఒక నమూనా పేజీ ఇలా ఉంటుంది:

"గు-14. ఘాట్ రోడ్డు కల్వర్టుకు ఎగువన, వాగు ఎడమ గట్టు, రోడ్డు నుంచి 60 అడుగుల దూరం. బయటపడ్డ రాయి: పొడవు 12 మీ., ఎత్తు 3 మీ., పాతుకుని ఉంది. 
చూసినవి: లేత గులాబీ–బూడిద రంగు, ఎండకు మాగిన పైపొర గోధుమ రంగు. మధ్యస్థం నుంచి ముతక ఇసుక గింజలు, చాలావరకు పలుగే (క్వార్ట్జ్). చాకుతో గీస్తే గీత పడలేదు, చాకు లోహమే రాయికి అంటింది. యాసిడ్‌కు స్పందన లేదు. పొరల మందం 20–60 సెం.మీ. అడుగు నుంచి మూడో పొరలో వాలు గీతలు (క్రాస్ బెడ్డింగ్), నాలుగో పొర పైన అలల గుర్తులు. 
కొలతలు: పొర 295/14, డిప్ దిశ ఉత్తర ఈశాన్యం, జాయింట్లు (ఒకే దిశలో వరుసగా ఉండే పగుళ్ళు) రెండు వరుసలు. 
ఫోటోలు 41–44. శాంపిల్ గు-14ఎ. 
అనుకున్నవి: లోతు తక్కువ నీళ్ళలో పేరుకున్న ఇసుక? అలల గుర్తులు పైకే ఉన్నాయి కాబట్టి పొరలు తలకిందులు కాలేదు. 
చూడాల్సింది: ఈ పొర కింద గులకరాళ్ళ పొర ఉందా? వాగు వెంట దిగి చూడాలి."

295/14 అంటే ఏమిటో ఆరో అడుగులో చెప్తాను. ఈ పేజీలో 'చూసినవి', 'అనుకున్నవి' వేరువేరుగా ఉండటం గమనించండి. 'లోతు తక్కువ నీళ్ళు' అన్నది రేపు తప్పని తేలవచ్చు. అలల గుర్తులు ఏ పొర మీద ఉన్నాయన్నది తప్పు కాదు. రెండూ ఒకే వాక్యంలో కలిపేస్తే, ఊహ తప్పని తేలిన రోజు పరిశీలన కూడా చెత్తబుట్టలోకి పోతుంది. పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి ఎడమ వైపు చూసినవి, కుడి వైపు అనుకున్నవి రాసుకున్నా సరే.

కొట్టివేతలు ఒక గీతతోనే చేయండి. రబ్బరుతో చెరపకండి, పేజీ చింపకండి. మొదట ఏం అనుకున్నారో, ఎందుకు మార్చుకున్నారో తర్వాత పనికొస్తుంది. కనపడనిదాన్ని కూడా రాయండి. 'శిలాజాలు వెతికాం, కనపడలేదు' అన్న వాక్యానికి విలువ ఉంది. ఏమీ రాయకుండా వదిలేస్తే చూడలేదో, చూసినా దొరకలేదో చదివేవాళ్ళకు తెలియదు.

అయిదో అడుగు: రాయికి పేరు పెట్టడం

పేరు చివర్లో రావాలి. రంగు, గింజల సైజు, ఖనిజాలు, గట్టిదనం, యాసిడ్ స్పందన, పొరల తీరు రాశాక పేరు రాయండి. రంగు ఎప్పుడూ రెండు చోట్ల చూడాలి: ఎండావానలకు మాగిన పైభాగం, సుత్తితో పగలగొట్టిన తాజా ముఖం. కడప వైపు పైకి నల్లగా కనిపించే డోలమైట్ లోపల లేత బూడిద రంగులో ఉండొచ్చు.

గింజల సైజుకు ఒక చిన్న స్కేలు జేబులో పెట్టుకోండి. మిల్లీమీటరులో పదహారో వంతు నుంచి 2 మిల్లీమీటర్ల దాకా ఇసుక. 4 నుంచి 64 దాకా గులకరాయి. ఇసుక కంటే సన్నగా ఉండి గింజ కంటికి ఆనకపోతే, చిటికెడు పొడి పంటి కింద పెడితే సిల్ట్ (సన్నటి ఒండ్రు) గరగరమంటుంది, బంకమన్ను మెత్తగా ఉంటుంది. యాసిడ్ వేసిన ముక్కను మాత్రం నోటి దగ్గరికి తేవద్దు.

ఇసుకరాయికీ క్వార్ట్‌జైట్‌కీ తేడా తాజా ముఖం మీద లెన్సు పెడితే తెలుస్తుంది. ఇసుకరాయి గింజల చుట్టూ విరుగుతుంది, ముఖం గరుకుగా ఉంటుంది. క్వార్ట్‌జైట్ గింజల మధ్యలోంచే విరుగుతుంది, ముఖం నున్నగా మెరుస్తుంది.

వేంపల్లె పొరల దగ్గర యాసిడ్ సీసా అసలు ఉపయోగం తెలుస్తుంది. సున్నపురాయి మీద చుక్క వేస్తే వెంటనే బుసబుసా పొంగుతుంది. ఇక్కడి డోలమైట్ మీద వేస్తే మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. అప్పుడు చాకుతో గీకి, ఆ పొడి మీద ఇంకో చుక్క వేసి లెన్సుతో చూడండి. సన్నటి బుడగలు నెమ్మదిగా లేస్తాయి. 'యాసిడ్‌కు స్పందించింది' అని మాత్రమే రాస్తే ఈ తేడా పోతుంది. 'బండ మీద లేదు, పొడి మీద మెల్లగా' అని రాయాలి.

ఇదే డోలమైట్‌లో స్ట్రోమటోలైట్లు కనిపిస్తాయి. ఉల్లిగడ్డను నిలువునా కోస్తే కనిపించే పొరల్లా, ఒకదాని మీద ఒకటి ఉబ్బెత్తుగా పేరుకున్న సన్నటి చారలవి. వంద కోట్ల ఏళ్ళకు పైబడ్డ కాలంలో సూక్ష్మజీవులు కట్టిన నిర్మాణాలు. ఉబ్బు ఎటు ఉంటే అది పై వైపు. అలల గుర్తుల్లాగే ఇదీ పొర తలకిందులైందా లేదా చెప్పే సాక్ష్యం. స్ట్రోమటోలైట్ మీద సుత్తి వేయకండి, ఫోటో, బొమ్మ, కొలతలు చాలు. ఒకసారి పగిలితే తర్వాత వచ్చే పిల్లలకు చూపడానికి ఏమీ మిగలదు.

ఆరో అడుగు: స్ట్రైక్, డిప్

ముందు పొర ఏదో తేల్చుకోండి. పగులు, జాయింటు, పొర – మూడూ కొత్త కంటికి ఒకేలా ఉంటాయి. గింజల సైజు, రంగు మారే చోట ఉండేదే పొర. హైదరాబాద్ గ్రానైట్ గుట్టల మీద పైకప్పులా ఊడివచ్చే పలకలను చాలామంది పొరలనుకుంటారు. అవి పైబరువు తగ్గి రాయి విచ్చుకోవడం వల్ల వచ్చిన పగుళ్ళు. గుల్చేరు క్వార్ట్‌జైట్‌లో ఇంకో చిక్కు ఉంది. క్రాస్ బెడ్డింగ్ గీతలు అసలు పొర కంటే ఎక్కువ వాలుతో ఉంటాయి. వాటిని కొలిచి పొర డిప్ అని రాస్తే మ్యాపు మొత్తం తప్పుతుంది. రెండు ప్రధాన పొరల మధ్య ఉండే పొడవాటి సరిహద్దునే కొలవాలి.

డిప్ దిశ తెలియకపోతే సీసాలోంచి నాలుగు చుక్కల నీళ్ళు పొర ముఖం మీద పోయండి. నీళ్ళు జారిన దారే డిప్ దిశ. దానికి సరిగ్గా అడ్డంగా, లెవెల్‌గా పోయే గీత స్ట్రైక్. పెన్సిల్‌తో రెండూ బండ మీద సన్నగా గీసుకోండి. ముఖం ఎగుడుదిగుడుగా ఉంటే నోట్‌బుక్ అట్టను దాని మీద ఆనించి, అట్టనే కొలవండి.

బ్రంటన్ కంపాస్ (జియాలజీలో వాడే, క్లైనోమీటర్ ఉన్న కంపాస్) అంచును స్ట్రైక్ గీతకు ఆనించి, గుండ్రటి బుడగ మధ్యలోకి వచ్చేదాకా సరిచేసి, సూది ఉత్తరపు కొన దగ్గర అంకె చదవండి. బ్రంటన్ డయల్ మీద తూర్పు, పడమర అక్షరాలు తారుమారుగా ఉంటాయి, అది తయారీలో తప్పు కాదు. కంపాస్ తిరిగినా సూది నిలకడగా ఉంటుంది కాబట్టి నేరుగా చదవడానికి అలా పెట్టారు. తర్వాత కంపాస్‌ను పక్కకు నిలిపి డిప్ గీత మీద పెట్టి, వెనక మీట తిప్పుతూ పొడవాటి బుడగను మధ్యకు తెచ్చి డిప్ కోణం చదవండి.

రాసే పద్ధతి ఒకటే పెట్టుకోండి. నేను కుడిచేతి నియమం చెప్తాను: స్ట్రైక్ దిశలో చూస్తూ నిలబడితే డిప్ మీ కుడి వైపుకు వాలాలి. పైన నమూనాలో 295/14 అంటే, 295 వైపు చూస్తూ నిలబడితే కుడి పక్క, అంటే 25 డిగ్రీల దిశకు, పొర 14 డిగ్రీలు వాలుతోంది. దిశను మాటల్లో కూడా రాస్తే అంకె తారుమారైనా పట్టుకోవచ్చు.

ఒకే చోట కనీసం అయిదు కొలతలు వేర్వేరు భాగాల్లో తీయండి. సుత్తి, బెల్టు బకిల్, ఫోన్ కవర్‌లోని అయస్కాంతం దూరంగా ఉంచండి. డోలరైట్ డైకుల దగ్గర మాగ్నెటైట్ (అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజం) వల్ల సూది పక్కకు లాగొచ్చు. అనుమానమొస్తే రెండడుగులు వెనక్కి జరిగి మళ్ళీ చదవండి. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా మన ప్రాంతంలో ఒక డిగ్రీ దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. సరిచేశారో లేదో మాత్రం రాయండి. ఫోన్ యాప్‌లు వేగంగా పనిచేస్తాయి, కానీ రోజు మొదట్లోనూ మధ్యాహ్నమూ కంపాస్‌తో పోల్చి చూడకుండా వాటిని నమ్మొద్దు.

ఘాట్ రోడ్డు కోతల్లో కనిపించే వాలు అసలు డిప్ కాకపోవచ్చు. రోడ్డు వంపు తిరిగేకొద్దీ ఒకే పొర ఒకచోట ఏటవాలుగా, ఇంకోచోట దాదాపు చదునుగా కనిపిస్తుంది. అసలు డిప్ 20 డిగ్రీలనుకోండి. కోత స్ట్రైక్‌తో 30 డిగ్రీల కోణంలో ఉంటే గోడ మీద కనిపించే వాలు సుమారు 10 డిగ్రీలే. అందుకే కోతలో గోడ మీది గీతను కొలవకుండా, బయటికి పొడుచుకొచ్చిన పొర ముఖాన్ని వెతికి కొలవాలి.

ఏడో అడుగు: సరిహద్దు వెంట నడవడం

రెండు రాళ్ళు కలిసే గీతను పట్టుకుని నడవడంలోనే మ్యాపింగ్ సారమంతా ఉంది. గ్రానైట్, క్వార్ట్‌జైట్ కలిసే చోటు చాలాచోట్ల దొర్లిన రాళ్ళ కింద దాగి ఉంటుంది. అప్పుడు పాతుకుని ఉన్న గ్రానైట్ ఎంత పైదాకా కనిపించిందో, పాతుకుని ఉన్న క్వార్ట్‌జైట్ ఎంత కిందిదాకా కనిపించిందో రెండు చుక్కలు పెట్టండి. సరిహద్దు ఆ రెంటి మధ్యే ఉంది. వాగు కోసిన చోట నేరుగా కనిపించే అవకాశం ఎక్కువ కాబట్టి ప్రతి వంకలోకీ దిగి చూడండి. కంటితో చూసిన చోట గట్టి గీత, ఊహించిన చోట తెగిన గీత, మట్టి కింద దాగిన చోట చుక్కల గీత వేయాలి. మొత్తం గట్టి గీతే వేసిన మ్యాపు అందంగా ఉంటుంది, కానీ దాన్ని నమ్మలేం.

సరిహద్దు బయటపడిన చోట అరగంట ఆగండి. గుల్చేరు అడుగున గులకరాళ్ళ పొర ఉంటుంది. టేపు పరిచి, దాని పక్కన పడే వంద గులకరాళ్ళు లెక్కపెట్టండి. ఏ రకం ఎన్ని, ఎంత సైజు, ఎంత గుండ్రంగా ఉన్నాయి అని రాయండి. కింది గ్రానైట్ పైభాగం తాజాగా ఉందా, మాగిపోయి మెత్తబడిందా? గ్రానైట్‌లోని పలుగు సిరలు సరిహద్దు దగ్గర తెగిపోయాయా, పైకి క్వార్ట్‌జైట్‌లోకి కూడా వెళ్ళాయా? సిరలు తెగిపోయి, వాటి మీద పలుగు గులకరాళ్ళ పొర కూర్చుని ఉంటే, గ్రానైట్ బయటపడి కోతకు గురయ్యాకే ఇసుక పేరుకుందని అర్థం. దీన్నే అన్‌కన్ఫార్మిటీ అంటారు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఉన్న ప్రసిద్ధమైన ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ ఈ తరహాదే. పాత గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ కూర్చున్న ఆ గీతలో కోట్లాది సంవత్సరాల చరిత్ర రాళ్ళలో నమోదు కాకుండా పోయింది. అది జాతీయ భూవైజ్ఞానిక స్మారకం, అక్కడ కంటితో చూసి నోట్‌బుక్‌లో గీసుకోవడమే.

ఎనిమిదో అడుగు: పొరల లాగ్

వాగు గట్టున పొరలు వరుసగా కనిపించే చోటు దొరికితే అడుగు నుంచి పైకి ఒక్కో పొర కొలుస్తూ లాగ్ (పొరల వరుసను చూపే నిలువు పట్టీ బొమ్మ) గీయండి. కాగితం మీద ఒక సెంటీమీటరుకు నేల మీద ఒక మీటరు చాలు. నిలువు గీత మందం చూపిస్తుంది. అడ్డం వెడల్పు గింజల సైజు చూపిస్తుంది, ముతకైతే వెడల్పుగా, సన్నమైతే ఇరుకుగా. పొర అడుగు భాగం పదునుగా మారిందా, మెల్లగా మారిందా అన్నది ప్రతిసారీ రాయండి. రాయి కనపడని భాగాన్ని ఖాళీగా ఉంచి 'కప్పబడి ఉంది' అని రాయాలి. అక్కడ ఏముందో ఊహించి నింపకూడదు.

చదును నేల మీద టేపుతో కొలిచిన దూరం అసలు మందం కాదు. స్ట్రైక్‌కు అడ్డంగా 100 మీటర్లు నడిచారు, డిప్ 15 డిగ్రీలు అనుకోండి. 100ను సైన్ 15తో, అంటే 0.26తో గుణిస్తే మందం 26 మీటర్లు. నేల ఏటవాలుగా ఉంటే ఆ వాలునూ లెక్కలో తీసుకోవాలి. టేపు అందని చోటికి మీ అడుగుల లెక్క ముందే తెలుసుకుని ఉండండి. వంద మీటర్లు టేపు పరిచి నాలుగైదు సార్లు నడిచి సగటు తీసుకుంటే సరిపోతుంది. కొండెక్కేటప్పుడు అడుగు కురచవుతుంది కాబట్టి ఎక్కుతూ కూడా ఒకసారి లెక్కపెట్టండి.

తొమ్మిదో అడుగు: బొమ్మ, ఫోటో, శాంపిల్

బొమ్మ గీయడం రాదని ఎవరూ మానొద్దు. ఇది చిత్రలేఖనం పోటీ కాదు. ముందు బయటి ఆకారం, తర్వాత ముఖ్యమైన పొరల సరిహద్దులు, తర్వాత పగుళ్ళు. చెట్లు, నీడలు వదిలేయండి. స్కేలు, మీరు ఏ దిశ చూస్తున్నారు, పేర్లు రాయండి. ఫోటో ఎండనూ నీడనూ గడ్డినీ అన్నిటినీ ఒకేలా పట్టుకుంటుంది. ఏది ముఖ్యమో తేల్చుకోవాల్సింది బొమ్మ గీసే చెయ్యి.

ప్రతి ఫోటోలోనూ కొలత కోసం ఒక వస్తువు ఉండాలి. స్కేలు లేకపోతే పది రూపాయల నాణెం పెట్టండి, దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. ముందు దూరం నుంచి ఒకటి, తర్వాత దగ్గరి నుంచి ఒకటి తీసి, నంబర్లు అప్పటికప్పుడే రాయండి.

శాంపిల్ పిడికెడు సైజు చాలు, తాజా ముఖం ఉండాలి. ఊడదీయకముందే దాని మీద స్ట్రైక్ గీత, డిప్ బాణం, పై వైపు గుర్తు మార్కర్‌తో వేయండి. ఊడొచ్చాక అది ఎటు ఉండేదో ఎవరూ చెప్పలేరు. నంబరు మూడు చోట్ల రాయాలి: రాయి మీద, సంచి మీద, నోట్‌బుక్‌లో. మైక్రోస్కోపు కింద చూసే పలుచటి ముక్కను 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీస్తారు కాబట్టి మాగిన రాయి పనికిరాదు. సుత్తితో ఇంకో సుత్తిని కొట్టకండి, ఉక్కు పెచ్చు ఎగిరి కంట్లో పడుతుంది.

పదో అడుగు: సాయంత్రం గంట

ఎంత అలసిపోయినా ఈ గంట మానొద్దు. పెన్సిల్ గీతల్లో రూఢి అయినవాటికి ఇంకు వేయండి. మ్యాపు మీద పాతుకున్న రాయి కనిపించిన చోట్లకే రంగు వేయండి, మధ్య భాగాలను లేతగా వదలండి. ఒకరి నోట్సు ఇంకొకరు చదివి ప్రశ్నలు అడగండి. "గు-9లో డిప్ దిశ ఎందుకు లేదు?" అన్న ప్రశ్న ఆ రోజు సాయంత్రమే వస్తే మర్నాడు వెళ్ళి చూడొచ్చు. అన్ని పేజీలకూ ఫోటోలు తీసి ఇంటికి పంపించండి. తర్వాత మర్నాటికి మూడు ప్రశ్నలు రాసుకోండి, ఏ వంకలోకి దిగితే వాటికి జవాబు దొరుకుతుందో మ్యాపు మీద గుర్తు పెట్టండి.

ఈ పని చేతికి అలవాటయ్యాక గండికోటకు వెళ్ళండి. ఎర్రమల కొండల్ని పెన్నా కోసిన లోయలో క్వార్ట్‌జైట్ పొరలు అంచు మీద నుంచే కనిపిస్తాయి, దూరం నుంచి బొమ్మ గీయడం సాధన చేయడానికి మంచి చోటు. గోడ అంచుకు దగ్గరగా పోవద్దు, రాళ్ళు వదులుగా ఉంటాయి. సున్నపురాయి కోసం బెలుం గుహలు ఉన్నాయి. మంగంపేటలో ముగ్గురాయి పొరలు చూడాలంటే గని అధికారుల అనుమతి, హెల్మెట్ ఉండాలి, బ్లాస్టింగ్ వేళలు ముందే కనుక్కోవాలి. మెత్తటి పొరల మీద లాగ్ గీయడం నేర్చుకోవాలనుకునే విశాఖ పిల్లలకు భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు దగ్గర. వాటి గోడలు ఎక్కకండి, గీరకండి. అడుగున నిలబడి కూడా పొరలన్నీ నమోదు చేయొచ్చు.